బ్లూటూత్ హెడ్‌ఫోన్లు: సంగీత శ్రవణం, ఎంపిక (కర్నూలు, కడప ప్రాంతాలు)

తీగ అవసరం లేకుండా, తక్కువ దూరం పనిచేసే రేడియో తరంగాల ద్వారా ఫోను, కంప్యూటరు, టీవీ వంటి పరికరాల నుంచి ధ్వనిని అందుకుని చెవికి వినిపించే సాధనాలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లు. వీటిలో రేడియో గ్రాహకం, ధ్వని సంకేతాన్ని విప్పే చిప్, యాంప్లిఫయర్, ధ్వనిని పుట్టించే డ్రైవర్, బ్యాటరీ అన్నీ ఇమిడి ఉంటాయి. సంగీతం వినడానికి వీటిని ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు కలిసి పనిచేస్తాయి: వినే సంగీతం ఎలాంటిది, చెవిలో పరికరం ఎలా కుదురుతుంది, దాన్ని వాడే చోటు ఎలాంటిది. ఎండ, దుమ్ము, ప్రయాణాల రొద ఎక్కువగా ఉండే కర్నూలు, కడప ప్రాంతాల్లో మూడో విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. పాత ఉమ్మడి కర్నూలు జిల్లాలోని నంద్యాల ప్రాంతం, రాజంపేట, తాళ్ళపాక పరిసరాలు కూడా ఈ వ్యాసం పరిధిలోకి వస్తాయి.

1. నిర్వచనం, పరిధి

వాడుకలో నెక్‌బ్యాండ్, ఇయర్‌బడ్స్, హెడ్‌సెట్ అనే పేర్లు వినిపిస్తాయి. సంగీత శ్రవణానికి వాడే వాటిలో రెండు చెవులకూ వేర్వేరు ధ్వని మార్గాలు, అంటే స్టీరియో, ఉండాలి. ఫోన్ మాటల కోసం ఒక్క చెవికే పెట్టుకునే హెడ్‌సెట్లు, బ్లూటూత్ స్పీకర్లు, వినికిడి లోపానికి వాడే శ్రవణ యంత్రాలు వేరే తరగతికి చెందుతాయి.

2. చరిత్ర

2.1 హెడ్‌ఫోన్లు

తొలి హెడ్‌ఫోన్లు టెలిఫోన్, రేడియో అవసరాల కోసం పుట్టాయి. అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన నథానియల్ బాల్డ్విన్ 1910లో తయారుచేసిన హెడ్‌ఫోన్లను ఆ దేశ నౌకాదళం కొనుగోలు చేసింది. 1958లో జాన్ కాస్ స్టీరియో సంగీతం కోసం ఎస్‌పీ-3 హెడ్‌ఫోన్లను తెచ్చాడు. 1979లో సోనీ వాక్‌మన్ రావడంతో నడుస్తూ, ప్రయాణిస్తూ ఒంటరిగా పాటలు వినే అలవాటు ప్రపంచమంతటా పాకింది.

2.2 బ్లూటూత్

స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఎరిక్సన్ సంస్థ 1994లో ఈ సాంకేతికతపై పని మొదలుపెట్టింది. డచ్ ఇంజనీరు యాప్ హార్ట్‌సెన్ దాని రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించాడు. 1998లో ఎరిక్సన్, నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా సంస్థలు కలిసి బ్లూటూత్ ప్రమాణాలను నిర్ణయించే బృందాన్ని ఏర్పరిచాయి. పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్ బ్లూటూత్ పేరు దీనికి స్థిరపడింది. తొలి ప్రమాణం 1999లో వెలువడింది. స్టీరియో సంగీతాన్ని పంపే విధానమైన ఏ2డీపీ 2003లో వచ్చింది.

2015లో జపాన్ సంస్థ ఆంక్యో రెండు చెవుల మధ్య కూడా తీగ లేని ఇయర్‌బడ్స్‌ను ప్రకటించింది. 2016లో యాపిల్ ఐఫోన్-7 నుంచి 3.5 మి.మీ. హెడ్‌ఫోన్ జాక్‌ను తొలగించి, అదే ఏడాది డిసెంబరులో ఎయిర్‌పాడ్స్‌ను విడుదల చేసింది. ఆ తరువాత ఇతర ఫోన్ తయారీదారులు కూడా జాక్‌ను క్రమంగా తీసేయడంతో తీగలేని హెడ్‌ఫోన్ల వాడకం వేగంగా పెరిగింది. తక్కువ విద్యుత్తుతో పనిచేసే ఎల్ఈ ఆడియో విధానాన్ని 2020లో ప్రకటించగా, దాని ప్రమాణాలు 2022లో పూర్తయ్యాయి.

2.3 తెలుగు ప్రాంతాల్లో

కడప ఆకాశవాణి కేంద్రం 1963లో ప్రారంభమైంది. రాయలసీమలో శాస్త్రీయ సంగీతం, జానపదాలు, భక్తి గీతాలు, సినిమా పాటలు ఇంటింటికీ చేరడానికి అది చాలాకాలం ప్రధాన మార్గం. తరువాత క్యాసెట్ టేపురికార్డర్లు, ఎఫ్ఎం రేడియో, సీడీలు, మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకునే ఫోన్లు వచ్చాయి. ప్రస్తుతం అంతర్జాలం ద్వారా నేరుగా పాటలు వినే పద్ధతి సాధారణమైంది.

పరికరాల తయారీలోనూ తెలుగు ప్రాంతాలకు చోటుంది. పీట్రాన్, మివి బ్రాండ్లు హైదరాబాద్ కేంద్రంగా నడుస్తున్నాయి. పీట్రాన్ పాల్‌రెడ్ ఎలక్ట్రానిక్స్ సంస్థకు చెందినది. మివిని దేవభక్తుని మిధుల, కందుల విశ్వనాథ్ స్థాపించారు. హైదరాబాద్ సమీపంలోని కొంగరకలాన్‌లో ఉన్న ఫాక్స్‌కాన్ కర్మాగారంలో 2025లో ఎయిర్‌పాడ్స్ ఉత్పత్తి మొదలైంది. కడప సమీపంలోని కొప్పర్తిలో ఎలక్ట్రానిక్స్ తయారీ సముదాయం ఏర్పాటైంది.

3. రకాలు

3.1 చెవిని పూర్తిగా కప్పేవి

ఓవర్-ఇయర్ హెడ్‌ఫోన్ల మెత్తలు చెవి చుట్టూ ఆనుకుంటాయి. డ్రైవర్ల వ్యాసం సాధారణంగా 30 నుంచి 50 మి.మీ. ఉంటుంది. బ్యాటరీకి చోటు ఎక్కువ కనుక ఒక్క చార్జింగుతో 20 నుంచి 60 గంటల దాకా పనిచేసే నమూనాలున్నాయి. చాలావాటికి తీగ తగిలించుకునే వీలు కూడా ఉంటుంది. వేడి వాతావరణంలో చెవుల చుట్టూ చెమట పట్టడం, మెత్తల మీది కృత్రిమ తోలు పగుళ్ళివ్వడం వీటి లోపాలు.

3.2 చెవి మీద ఆనేవి

ఆన్-ఇయర్ రకం తేలికైనది. మెత్త నేరుగా చెవి డొప్ప మీద ఒత్తుతుంది కాబట్టి ఎక్కువసేపు పెట్టుకుంటే నొప్పి కలగవచ్చు. బయటి శబ్దం కొంత లోపలికి వస్తుంది.

3.3 ఇయర్‌బడ్స్

రెండు విడి మొగ్గలు, వాటిని దాచి చార్జ్ చేసే డబ్బీ ఉంటాయి. వీటిలో రెండు ఉపరకాలున్నాయి. మొదటిది సిలికాన్ టిప్‌తో చెవి రంధ్రాన్ని మూసేది. రెండోది రంధ్రం బయట ఊరికే కూర్చునేది. మొదటి దాంట్లో మంద్ర ధ్వని బలంగా ఉంటుంది, బయటి రొద తగ్గుతుంది. రెండో దాంట్లో గాలి ఆడుతుంది, పరిసరాల శబ్దం తెలుస్తుంది, మంద్ర ధ్వని పలచబడుతుంది. ఒక్క చార్జింగుతో సాధారణంగా 4 నుంచి 10 గంటలు పనిచేస్తాయి. డబ్బీలోని బ్యాటరీ వాటిని మరికొన్ని సార్లు నింపుతుంది.

3.4 నెక్‌బ్యాండ్

మెడ చుట్టూ ఉండే పట్టీలో బ్యాటరీ, చిప్ ఉంటాయి. చెవి మొగ్గలు సన్నని తీగలతో దానికి కలిసి ఉంటాయి. మొగ్గ చెవి నుంచి జారినా కింద పడి పోదు. ధర తక్కువ, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. పట్టీ మెడకు ఆనడం వల్ల చెమట తగిలే అవకాశం, తీగ మొగ్గతో కలిసే చోట తెగిపోయే అవకాశం ఉన్నాయి.

3.5 చెవి తెరిచి ఉంచేవి

చెవి రంధ్రాన్ని మూయకుండా దాని ముందు నిలిచే చిన్న స్పీకర్లు కొన్ని. కణత ఎముక ద్వారా కంపనాలను పంపేవి మరికొన్ని. రోడ్డు మీద నడిచేవారికి బయటి శబ్దాలు వినిపించడం వీటి ప్రయోజనం. మంద్ర ధ్వని బలహీనంగా ఉండడం వల్ల సంగీతం నిండుగా వినిపించదు.

4. పనితీరు

4.1 రేడియో సంబంధం

బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్య పట్టీలో పనిచేస్తుంది. వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇదే పట్టీని వాడుతాయి. సంగీతానికి ఎక్కువగా వాడే సంప్రదాయ బ్లూటూత్ 79 ఉపమార్గాల మధ్య సెకనుకు 1,600 సార్ల దాకా మారుతూ అంతరాయాన్ని తప్పించుకుంటుంది. సాధారణ పరికరాలు వెలువరించే శక్తి కొన్ని మిల్లీవాట్లే. అడ్డంకి లేని చోట దాదాపు 10 మీటర్ల దాకా సంబంధం నిలుస్తుంది. మందపాటి రాతి గోడలు, మనిషి దేహం ఈ తరంగాలను బలహీనపరుస్తాయి. నాపరాయి గోడల పాత ఇళ్ళలో ఫోను ఒక గదిలో, వినేవారు మరో గదిలో ఉంటే పాట తెగిపోవడానికి ఇది ఒక కారణం.

బ్లూటూత్ 5.0, 5.3, 5.4 వంటి సంఖ్యలు సంబంధం తీరును, విద్యుత్తు వాడకాన్ని, అదనపు సదుపాయాలను తెలుపుతాయి. సంఖ్య పెద్దదైనంత మాత్రాన ధ్వని నాణ్యత పెరగదు.

4.2 కోడెక్

ధ్వనిని కుదించి పంపి, అవతల తిరిగి విప్పే పద్ధతిని కోడెక్ అంటారు. సీడీలోని సంగీతం సెకనుకు 1,411 కిలోబిట్ల చొప్పున ప్రవహిస్తుంది. సంప్రదాయ బ్లూటూత్ మార్గం అంత ప్రవాహాన్ని నిలకడగా మోయలేదు కనుక కుదింపు తప్పదు.

ఎస్‌బీసీ: ఏ2డీపీ విధానంలో పనిచేసే ప్రతి పరికరంలోనూ తప్పనిసరిగా ఉంటుంది. మేలైన అమరికలో సెకనుకు 328 కిలోబిట్ల దాకా పంపుతుంది.

ఏఏసీ: యాపిల్ ఫోన్లు ప్రధానంగా వాడే కోడెక్. ఆండ్రాయిడ్ ఫోన్లలో దీని నాణ్యత ఫోన్‌ను బట్టి మారుతుంది.

ఆప్ట్‌ఎక్స్ కుటుంబం: క్వాల్‌కామ్ సంస్థకు చెందినది. మామూలు రూపంలో 352 కిలోబిట్ల దగ్గర పనిచేస్తుంది. అడాప్టివ్ రూపం సంబంధం బలాన్ని బట్టి ప్రవాహాన్ని మార్చుకుంటుంది.

ఎల్‌డాక్: సోనీ 2015లో తెచ్చింది. 330, 660, 990 కిలోబిట్ల మూడు స్థాయిలున్నాయి. జనసమ్మర్దంలో, ఇతర సంకేతాలు ఎక్కువగా ఉన్న చోట పై స్థాయి నిలకడగా ఉండదు.

ఎల్‌సీ-3: ఎల్ఈ ఆడియోలో భాగం. తక్కువ ప్రవాహంతోనే ఎస్‌బీసీ కంటే మెరుగైన ఫలితం ఇవ్వడానికి రూపొందించారు.

ఫోను, హెడ్‌ఫోను రెండింటిలోనూ ఒకే కోడెక్ ఉంటేనే అది పనిచేస్తుంది. ఐఫోన్‌లో ఎల్‌డాక్, ఆప్ట్‌ఎక్స్ లేవు. కాబట్టి ఐఫోన్ వాడేవారికి ఎల్‌డాక్ ఉన్న హెడ్‌ఫోన్ల నుంచి ఆ అదనపు ప్రయోజనం అందదు. మూల రికార్డింగు నాణ్యత కూడా ఒక హద్దు. మీడియం వేవ్ రేడియోలో సుమారు 5,000 హెర్ట్జ్ లోపు ధ్వనే వస్తుంది. ఎఫ్ఎంలో 15,000 హెర్ట్జ్ దాకా వస్తుంది. మూలంలో లేని ధ్వనిని ఏ కోడెక్ కూడా తిరిగి తేలేదు.

పాట వింటున్నప్పుడు ఫోన్ వస్తే పరికరం మాటల విధానానికి మారుతుంది. సంప్రదాయ బ్లూటూత్‌లో అప్పుడు ధ్వని స్టీరియో నుంచి మోనోకు తగ్గుతుంది. మైకు వాడే వీడియో సమావేశాల్లో సంగీతం నాసిగా వినిపించడానికి కారణం ఇదే.

4.3 ఆలస్యం

ఫోను పంపిన ధ్వని చెవికి చేరడానికి సెకనులో పదో వంతు నుంచి పావు వంతు దాకా పట్టవచ్చు. పాట వినడానికి ఇది అడ్డు కాదు. వీడియోలను చూపే యాప్‌లు చాలావరకు దీన్ని సర్దుబాటు చేసుకుంటాయి. అయితే కీబోర్డు, ఎలక్ట్రానిక్ వీణ వాయిస్తూ తమ వాద్యాన్నే హెడ్‌ఫోన్లలో వినేవారికి ఈ ఆలస్యం తాళానికి అడ్డు తగులుతుంది. అటువంటి సాధనకు తీగ హెడ్‌ఫోన్లే అనువైనవి.

4.4 డ్రైవర్

విద్యుత్ సంకేతాన్ని గాలి కంపనంగా మార్చే భాగం డ్రైవర్. అయస్కాంతం, తీగచుట్ట, పలుచని పొర కలిగిన డైనమిక్ డ్రైవర్ అత్యంత సాధారణం. చిన్న కడ్డీ కదలికతో పనిచేసే బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్‌ను కొన్ని ఇయర్‌బడ్స్‌లో పై స్థాయి ధ్వనుల కోసం కలుపుతారు. పొర అంతటా విద్యుత్ మార్గం పరిచిన ప్లానార్ డ్రైవర్ ఖరీదైన నమూనాల్లో కనిపిస్తుంది. డబ్బా మీద 10 మి.మీ., 13 మి.మీ. అని రాసిన వ్యాసం ఒక్కటే నాణ్యతను తేల్చదు. డ్రైవర్ వెనుక గాలి గది నిర్మాణం, ధ్వని సవరణ, చెవిలో కుదురు కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

4.5 శబ్ద నివారణ

చెవిని మూయడం ద్వారా రొదను ఆపడం సహజ నివారణ. మైకుతో బయటి శబ్దాన్ని పట్టి, దానికి వ్యతిరేక తరంగాన్ని పుట్టించి రెండింటినీ రద్దు చేయడం క్రియాశీల శబ్ద నివారణ. దీన్ని ఏఎన్‌సీ అంటారు. ఈ సూత్రానికి పాల్ లూగ్ పేరిట 1936లో అమెరికాలో పేటెంట్ లభించింది. అమర్ బోస్ 1978లో విమాన ప్రయాణంలో ఈ ఆలోచన మీద పని మొదలుపెట్టగా, బోస్ సంస్థ 1989లో విమాన చోదకుల హెడ్‌సెట్‌ను విపణిలోకి తెచ్చింది.

ఏఎన్‌సీ సుమారు 1,000 హెర్ట్జ్ లోపు నిలకడగా సాగే ధ్వనుల మీద బాగా పనిచేస్తుంది. బస్సు ఇంజను, ఫ్యాను, ఏసీ, రైలు చక్రాల గుమగుమ ఈ కోవలోవి. హారను, గిన్నెల చప్పుడు, పక్కవారి మాటలు అంతగా తగ్గవు. ఫోన్ మాట్లాడేటప్పుడు అవతలివారికి మన గొంతు తేటగా వినిపించేలా చేసే ఈఎన్‌సీ వేరే సదుపాయం. సంగీతం వినడంలో దానికి పాత్ర లేదు.

5. సీమ సంగీతం, దాని ధ్వని లక్షణాలు

మనిషి చెవి స్థూలంగా 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినగలదు. వయసుతో పై హద్దు తగ్గుతుంది. సుమారు 250 హెర్ట్జ్ లోపు మంద్ర భాగం, 4,000 దాకా మధ్య భాగం, ఆపైన తార భాగం అని హెడ్‌ఫోన్ల పరిశీలనలో విభజిస్తారు.

5.1 సంకీర్తన, శాస్త్రీయ సంగీతం

అన్నమాచార్యుల జన్మస్థలం తాళ్ళపాక రాజంపేట సమీపంలో ఉంది. ఆయన సంకీర్తనలు సీమలో కచేరీ, భజన, సినిమా అనే మూడు రూపాల్లోనూ వినిపిస్తాయి. తిరుమల తిరుపతి దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పి ఈ సంకీర్తనల రికార్డింగులను విస్తృతంగా వెలువరించింది. కచేరీ రికార్డింగులో గాత్రం, వయొలిన్ మధ్య భాగంలో ఉంటాయి. మృదంగం ఎడమ తల మంద్రంలో, కుడి తల మధ్య, తార భాగాల్లో పలుకుతాయి. తంబుర శ్రుతి తీగల అనుధ్వనులతో పై దాకా విస్తరిస్తుంది. మంద్రాన్ని అతిగా పెంచిన హెడ్‌ఫోన్లలో మృదంగం ఎడమ తల మోత గాత్రాన్ని కమ్మేస్తుంది, గమకాల నునుపు తెలియదు. కాబట్టి ఈ సంగీతానికి సమతుల ధ్వని అవసరం.

5.2 జానపదం

చెక్కభజన సీమ గ్రామాల్లో ప్రసిద్ధమైన కళారూపం. చేతిలోని రెండు చెక్కల మధ్య లోహపు బిళ్ళలు ఉంటాయి. చెక్కలు తాకినప్పుడు ఒక పదునైన దెబ్బ, వెంటనే బిళ్ళల గలగల వినిపిస్తాయి. ఇలాంటి హఠాత్ ధ్వనులు కోడెక్‌కు కఠిన పరీక్ష. తక్కువ ప్రవాహంలో కుదించినప్పుడు దెబ్బ అంచు మొద్దుబారి, గలగల ఇసుక రాలినట్టు కలగాపులగమవుతుంది. ఒకేసారి పలువురు ఆడే భజన రికార్డింగును రెండు హెడ్‌ఫోన్లలో మార్చి మార్చి వింటే ఈ తేడా బయటపడుతుంది. మైలారలింగని భక్తులైన గొరవయ్యల డమరుకం, పిల్లనగ్రోవి ధ్వనులు కూడా ఇలాంటి పరిశీలనకు పనికొస్తాయి. డప్పు మోతకు మాత్రం మంద్రంలో బలం, బిగువు రెండూ కావాలి.

5.3 ఖవ్వాలీ

కడప అమీన్ పీర్ దర్గా ఉరుసు ఉత్సవాల్లో ఖవ్వాలీ గానానికి స్థానముంది. ముఖ్య గాయకుడు, వంత గొంతులు, హార్మోనియం, ఢోలక్, చప్పట్లు ఒకదానిపై ఒకటి పేరుకునే ఈ సంగీతంలో గొంతులను విడివిడిగా వినిపించగలగడం హెడ్‌ఫోన్ల నాణ్యతకు గుర్తు.

5.4 సినిమా సంగీతం

పులివెందుల ప్రాంతానికి చెందిన బి.ఎన్. రెడ్డి దర్శకత్వంలో 1951లో వచ్చిన ‘మల్లీశ్వరి’ వంటి చిత్రాల పాటలు మోనో రికార్డింగులు. వీటికి ఎల్‌డాక్ వంటి కోడెక్ వల్ల చెప్పుకోదగ్గ లాభం ఉండదు. తార భాగాన్ని పెంచిన హెడ్‌ఫోన్లలో పాత రికార్డు బుసబుస ఎక్కువవుతుంది. మధ్య భాగం తేటగా ఉన్నవి వీటికి తగినవి. 1997 నాటి ‘అన్నమయ్య’ వంటి స్టీరియో రికార్డింగుల్లో వాద్యాల స్థానాలు ఎడమ, కుడి వైపులకు పరుచుకుని ఉంటాయి. ఇటీవలి సినిమా పాటల్లో ఎలక్ట్రానిక్ మంద్ర ధ్వనులు ఎక్కువ. వాటికి మంద్రం కొంత ముందుకు వచ్చే హెడ్‌ఫోన్లను చాలామంది ఇష్టపడతారు.

6. స్థానిక పరిస్థితుల ప్రభావం

6.1 ఎండ

కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. లిథియం-అయాన్ బ్యాటరీలకు వేడి ప్రధాన శత్రువు. యాపిల్ వంటి సంస్థలు తమ పరికరాలను 35 డిగ్రీల లోపు వాడాలని, 45 డిగ్రీల లోపు దాచాలని సూచిస్తాయి. ఎండలో నిలిపిన కారు లోపల, బండి ట్యాంకు కవరులో వేడి ఈ హద్దును సులువుగా దాటుతుంది. అటువంటి చోట తరచూ ఉంచిన హెడ్‌ఫోన్ల బ్యాటరీ సామర్థ్యం త్వరగా పడిపోతుంది. ఇయర్‌బడ్స్‌లోని బ్యాటరీ చాలా చిన్నది, పెక్కు నమూనాల్లో మార్చడానికి వీలు కానిది. అందువల్ల ఈ నష్టం పరికరం ఆయుష్షునే తగ్గిస్తుంది.

6.2 దుమ్ము, చెమట

బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల పరిసరాల్లో నాపరాయి గనులు, పాలిష్ యంత్రాలు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. సన్నని రాతి పొడి ఇయర్‌బడ్ జాలీలో చేరితే ధ్వని ఒక వైపు తగ్గుతుంది. డబ్బీలోని చార్జింగు పిన్నుల మీద పేరుకుంటే ఒక మొగ్గ చార్జ్ కాదు.

రక్షణ స్థాయిని ఐపీ సంఖ్య తెలుపుతుంది. మొదటి అంకె ధూళికి, రెండోది నీటికి సంబంధించినవి. ఐపీఎక్స్-4 అంటే నీటి తుంపరలకు తట్టుకుంటుంది. ధూళి విషయంలో పరీక్షించిన స్థాయి ఏదీ పేర్కొనలేదని అందులోని ఎక్స్ అర్థం. ఐపీ-54, ఐపీ-55 వంటివి ధూళి నుంచి కూడా కొంత రక్షణ ఇస్తాయి. దుమ్ము ఎక్కువగా ఉండే చోట ఈ రెండో కోవకు ప్రాధాన్యమివ్వాలి. ఈ రక్షణ సాధారణంగా మొగ్గలకే వర్తిస్తుంది, డబ్బీకి వర్తించకపోవచ్చు.

6.3 ప్రయాణ రొద

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు జాతీయ రహదారి-40 మీద సుమారు 200 కి.మీ. బస్సు ప్రయాణం కొన్ని గంటలు పడుతుంది. ఇంజను గుమగుమ మంద్ర భాగాన్ని కప్పేయడం వల్ల శ్రోత తెలియకుండానే శబ్దం పెంచుకుంటాడు. ఇటువంటి ప్రయాణాలు తరచుగా చేసేవారికి ఏఎన్‌సీ వినోద సదుపాయం మాత్రమే కాదు, తక్కువ శబ్దంతో వినగలిగేలా చేసే రక్షణ కూడా. తెరిచిన కిటికీ గాలి ఏఎన్‌సీ మైకుల మీద పడితే బుస్సుమనే శబ్దం వస్తుంది. అప్పుడు ఏఎన్‌సీ ఆపి టిప్ బిగువు మీద ఆధారపడడం మేలు.

7. ఎంపిక ప్రమాణాలు

7.1 చెవిలో కుదురు

టిప్ చెవికి సరిపోకపోతే మంద్ర ధ్వని బయటికి జారిపోతుంది, ఏఎన్‌సీ సరిగా పనిచేయదు. దీన్ని పరీక్షించే పద్ధతి సులభం. తంబుర శ్రుతితో మొదలయ్యే రికార్డింగు పెట్టి మొగ్గను వేలితో మెల్లగా లోపలికి నొక్కాలి. నొక్కినప్పుడు శ్రుతిలోని కింది షడ్జం ఒక్కసారిగా నిండుగా వినిపిస్తే టిప్ వదులుగా ఉన్నట్టు. అప్పుడు పెద్ద సైజు టిప్ మార్చి చూడాలి. రెండు చెవులకు వేర్వేరు సైజులు అవసరం కావడం అసాధారణం కాదు.

7.2 ధ్వని సమతుల్యం

తెలిసిన పాటలతో వినడం నమ్మదగిన పరీక్ష. ఒక గాత్ర కచేరీ, ఒక జానపద బృందగానం, ఒక పాత మోనో పాట, ఒక కొత్త సినిమా పాట చాలు. రెండు పరికరాలను పోల్చేటప్పుడు వాటి శబ్దస్థాయి సమానంగా ఉండాలి. ఎక్కువ బిగ్గరగా ఉన్నదే మెరుగైనదిగా చెవికి తోస్తుంది. యాప్‌లో ఈక్వలైజర్ ఉంటే కొంతవరకు సవరించుకోవచ్చు.

7.3 అవసరాన్ని బట్టి రకం

ఇంట్లో చల్లని వేళ ఎక్కువసేపు వినేవారికి: ఓవర్-ఇయర్.
బస్సు, రైలు ప్రయాణికులకు: ఏఎన్‌సీ ఉన్న ఇయర్‌బడ్స్ లేదా ఓవర్-ఇయర్.
పొలం, గని, దుకాణం పనుల మధ్య విరామాల్లో వినేవారికి: ధూళి రక్షణ ఉన్న నెక్‌బ్యాండ్.
ఉదయపు నడకకు: చెవి తెరిచి ఉంచే రకం.
వాద్య సాధనకు: తీగ తగిలించే వీలున్న ఓవర్-ఇయర్.

7.4 ధర

వెయ్యి రూపాయల లోపు నెక్‌బ్యాండ్లు, ఇయర్‌బడ్స్ దొరుకుతాయి. సుమారు 2,000 నుంచి 5,000 రూపాయల మధ్య ఏఎన్‌సీ, యాప్, మెరుగైన కోడెక్ కలిసిన నమూనాలు లభిస్తాయి. 20,000 రూపాయలు దాటిన వాటిలో ఏఎన్‌సీ నాణ్యత, సౌకర్యం, నిర్మాణం మెరుగవుతాయి. ధర పెరిగే కొద్దీ ధ్వనిలో కనిపించే తేడా అదే నిష్పత్తిలో పెరగదు.

7.5 ప్రమాణాలు, హక్కులు

తీగలేని హెడ్‌ఫోన్లు, ఇయర్‌ఫోన్లకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు తప్పనిసరి. డబ్బా మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. పేరున్న బ్రాండ్లను పోలిన నకిలీలు విపణిలో ఉన్నందున ఈ పరిశీలన అవసరం. బిల్లు తీసుకోవడం, వారంటీ కాలం, సర్వీసు కేంద్రం ఏ ఊళ్ళో ఉందన్నది ముందే తెలుసుకోవడం కొనుగోలులో భాగం. లోపభూయిష్టమైన వస్తువు విషయంలో జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

8. వినికిడి భద్రత

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సురక్షితం కాని శ్రవణ అలవాట్ల వల్ల ప్రపంచంలో వంద కోట్లకు పైగా యువజనులకు వినికిడి ముప్పు ఉంది. 80 డెసిబెళ్ళ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా, 90 డెసిబెళ్ళ శబ్దాన్ని 4 గంటల దాకా మాత్రమే వినవచ్చని ఆ సంస్థ సూచిస్తుంది. శబ్దం కొద్దిగా పెరిగినా సురక్షిత సమయం ఎంతో తగ్గుతుందని ఈ అంకెలు తెలుపుతాయి. ఫోన్ శబ్దస్థాయిని 60 శాతం లోపు ఉంచడం, మధ్య మధ్య విరామమివ్వడం సాధారణ జాగ్రత్తలు. విన్న తరువాత చెవిలో గుయ్యిమనే మోత వస్తే శబ్దం ఎక్కువైందని గుర్తు. అది తగ్గకపోతే చెవి వైద్యుణ్ణి సంప్రదించాలి.

చెమట, తడి చేరిన టిప్‌లను శుభ్రం చేయకుండా వాడితే చెవి రంధ్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. టిప్‌లను విడదీసి కడిగి, పూర్తిగా ఆరాక తొడగాలి. ఒకరివి మరొకరు వాడకపోవడం మంచిది. వాహనం నడిపేటప్పుడు, రైలు పట్టాలు, రహదారులు దాటేటప్పుడు హెడ్‌ఫోన్లు తీసేయాలి.

9. వ్యర్థాల నిర్వహణ

2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం పాత పరికరాల రీసైక్లింగుకు తయారీదారు బాధ్యత వహించాలి. లిథియం బ్యాటరీ ఉన్న పరికరాలను చెత్తకుప్పలో వేసినా, కాల్చినా మంటలు, విషవాయువులు వెలువడే ప్రమాదముంది. ఉబ్బిన బ్యాటరీ ఉన్న పరికరాన్ని చార్జ్ చేయకూడదు.

10. ప్రాముఖ్యం, పరిమితులు

ఆకాశవాణి కాలంలో ఒకే పాటను వీధి అంతా కలిసి వినేది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు సంగీతాన్ని వ్యక్తిగత అనుభవంగా మార్చాయి. సంకీర్తన, ఖవ్వాలీ, చెక్కభజన, సినిమా పాట అన్నీ ఒకే శ్రోతకు ఒకే పరికరంలో అందుతున్నాయి. చదువుకునే విద్యార్థులు, రాత్రి కాపలా కాసేవారు, దూర ప్రయాణికులు ఇతరులకు ఇబ్బంది లేకుండా సంగీతం వినగలుగుతున్నారు. తీగ హెడ్‌ఫోన్లతో పోలిస్తే చార్జింగు అవసరం, పరిమిత ఆయుష్షు, కుదింపు, ఆలస్యం వీటి లోపాలు. సమాన ధరలో తీగ హెడ్‌ఫోన్లు ధ్వనిలో తరచుగా మెరుగ్గా ఉంటాయి.

కర్నూలు, కడప ప్రాంతాల శ్రోతలకు ఎంపికలో ప్రాధాన్య క్రమం ఇది: మొదట చెవిలో కుదురు, తరువాత తాము వినే సంగీతానికి తగిన ధ్వని సమతుల్యం, ఆపైన ధూళి, చెమటల నుంచి రక్షణ, ప్రయాణముంటే ఏఎన్‌సీ, సర్వీసు సదుపాయం. కోడెక్ పేరు, బ్లూటూత్ సంఖ్య, డ్రైవర్ వ్యాసం వీటి తరువాతే పరిశీలించవలసినవి.